విమానం నీడలో తిమింగలాలు

చెరువులో మునక వేసినపుడు గట్టున నిలిచి పిలిచేవారి మాటలు మనకు స్పష్టంగా వినబడవు. గాలిలో పుట్టిన ధ్వనిలో అధికభాగం నీటిని తాకి వెనుకకు మరలిపోవడమే దీనికి ప్రధాన కారణం. సముద్రంలోని తిమింగలాలను, డాల్ఫిన్లను లెక్కించడానికి శాస్త్రజ్ఞులు విమానాలలో బయలుదేరుతారు. ఆ హోరు వాటికి వినబడుతుందా, విని అవి తమ నడవడిని మార్చుకుంటాయా అన్న విచారణకు ఈ చెరువు అనుభవమే మంచి ఆరంభం.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, నీటిలో సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది. ఈ వ్యత్యాసం వల్ల, నిట్టనిలువు రేఖకు దాదాపు 13 డిగ్రీలను మించిన వాలుతో పడిన ధ్వని ప్రశాంత సముద్రంలోనికి చొరలేదు. కనుక విమానం తన క్రింద, బోర్లించిన గరాటు ఆకారంలో, కొద్దిపాటి మేరకే నీటిలోనికి ధ్వనిని పంపగలదు. 300 మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి ఆ వృత్తపు వ్యాసార్ధం సుమారు 70 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతే, మునిగివున్న తిమింగలానికి ఆ హోరు నేరుగా తగిలేది మూడు సెకన్లలోపే. అలలు రేగినపుడు మాత్రం ఈ హద్దు కొంత చెదురుతుంది.

అయితే తిమింగలం ఊపిరికోసం పైకి రావలసిన ప్రాణి. దానికి చెవులే కాదు, కన్నులు కూడ ఉన్నవి.

అలాస్కాకు ఉత్తరాన, బోఫోర్ట్ సముద్రంలో, 1989 నుంచి 1991 వరకు, మళ్ళీ 1994లో, వసంతకాలపు వలస వేళ నాథలీ పాటెనోడ్ ప్రభృతులు చేసిన పరిశీలన 2002లో వెలువడినది. హెలికాప్టరు వచ్చినపుడు 63 బోహెడ్ తిమింగలాల గుంపులలో 14 శాతం, 40 బెలూగా గుంపులలో 38 శాతం చలించినవి. కొన్ని వెంటనే మునిగినవి, కొన్ని దారి మళ్ళినవి. రెక్కల విమానానికి చలించినవి రెండు జాతులలోను నూటికి రెండు మూడు మాత్రమే. విశేషమేమంటే, విమానధ్వనిలో ప్రబలమైన మంద్రస్వరాలు బెలూగాలకు వినబడవు, లేదా లీలగానే వినబడతాయి. అయినా ఎక్కువగా బెదరినవి అవే. మధ్యస్థాయి స్వరాలో, కంటికి కనబడిన ఆకారమో కారణమై ఉంటుందని పరిశోధకుల ఊహ.

ఈ అంకెలను చూచి తృప్తిపడరాదు. క్రిందుగా పోయే విమానం నుంచి జంతువు కనబడేది క్షణకాలం. ఆ తరువాత అది ఏమి చేసినదో తెలియదు. అందువల్ల బెదరినవాటి సంఖ్య తగ్గి నమోదైనదని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. పాఠశాలల ఇన్‌స్పెక్టరు చూచిన తరగతి ఏనాడూ అల్లరి చేయదు కదా! ముందుగానే పసిగట్టి మునిగిన తిమింగలం అసలు లెక్కకే రాదు. ఏ జాతి ఎంత మిగిలినదో, దానికెంత రక్షణ కావాలో నిర్ణయించేది ఇటువంటి లెక్కలే. హవాయి దీవుల చెంత, చిన్న విమానం చుట్టూ తిరుగుతూ ఉండగా, పిల్లతో ఉన్న స్పెర్మ్ తిమింగలాల గుంపు ఈత ఆపి ఒకదాని ప్రక్కన ఒకటి చేరిన సందర్భం ఒకటి నమోదైనది.

అసలు కీలకం ఎత్తులో ఉన్నది. 1980-84 మధ్య వేసవులలో, అదే సముద్రపు కెనడా భాగంలో, చుట్లు తిరిగే విమానం 305 మీటర్లకు దిగినపుడు బోహెడ్‌ల కలత బాగా కనబడినది. 457 మీటర్ల వద్ద అరుదైనది. 610 మీటర్ల వద్ద దాదాపు కనబడలేదు. అందుచేత నడవడిని పరిశీలించేవారు ఎత్తుగా, గుంపుకు ప్రక్కగా చుట్లు తిరుగుతారు. ఎండవేళ విమానపు నీడ నీటిమీద జారి జంతువులపై పడకుండా చూచుకుంటారు.