కంప్యూటర్ల వేడి గాలిపాలు

దాచి కరెంటు చేయడం గిట్టుబాటు కాదు - వేణ్ణీళ్ళకైతే మేలు

ఎల్.బి.నగర్: దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి.నగర్ హాస్టళ్ళలో చలికాలం తెల్లవారితే చాలు, గీజర్లన్నీ ఒక్కసారిగా పని మొదలుపెడతాయి. ఒక బకెట్టు అంటే 20 లీటర్ల నీళ్ళను 20 డిగ్రీల మేర వేడి చేయాలంటే దాదాపు అర యూనిట్ కరెంటు కావాలి. సరిగ్గా అదే వేళకు ఎల్.బి.నగర్‌కు దక్షిణాన, కందుకూరు మండలం వైపు, బోలెడంత వేడిని యంత్రాలు పెట్టి మరీ ఆకాశంలోకి తోసేస్తున్నారు.

అది డేటా కేంద్రాల వేడి. ఫోనులో చూసే సినిమా, బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, ఇవన్నీ నడిచేది ఇలాంటి కేంద్రాల్లోని సర్వర్ల మీదే. రేయింబవళ్ళు వాటికి విరామం లేదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ 2022 నవంబరులో తన హైదరాబాదు కేంద్రాలను ప్రారంభించింది. ఇందుకోసం చందన్‌వెల్లి, రావిర్యాల వద్ద ఫ్యాబ్ సిటీ, కందుకూరు మండలంలోని మీర్‌ఖాన్‌పేట ప్రాంతాలను ఎంచుకుంది.

సర్వర్లు తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఒక మెగావాటు సర్వర్లు రోజుకు 24 వేల యూనిట్లు వాడుకుంటాయి. ఆ వేడినంతా పట్టగలిగితే, లెక్క ప్రకారం సుమారు 10 లక్షల లీటర్ల నీళ్ళు 20 డిగ్రీలు వేడెక్కుతాయి. అంటే 50 వేల బకెట్ల స్నానపు నీళ్ళన్నమాట! పెద్ద డేటా కేంద్రాల వాడకం పదుల మెగావాట్లలో ఉంటుంది.

కరెంటు ఎందుకు రాదు?

ఇంత వేడి ఉంటే దానితోనే మళ్ళీ కరెంటు తీయవచ్చు కదా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. చిక్కల్లా ఆ వేడి చాలా ఉన్నా, పదును లేకపోవడమే. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రంలో ఆవిరి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సర్వర్ల వెనుక నుంచి వచ్చే గాలి మాత్రం 40 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. బయట 30 డిగ్రీలు ఉందనుకుంటే తేడా పదే. ఎంత గొప్ప యంత్రం పెట్టినా ఆ తేడాతో నూటికి మూడు పాళ్ళకు మించి కరెంటు రాదు. మే నెలలో బయటే 40 దాటితే ఆ మూడు పాళ్ళూ ఉండవు.

సాగర్ పద్ధతి

అయితే మరో మార్గం ఉంది. దానికి ఉదాహరణ ఎల్.బి.నగర్ నుంచి వెళ్ళే సాగర్ రోడ్డు చివరనే కనిపిస్తుంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 7 యూనిట్లు రెండు వైపులా తిరిగేవి. కరెంటు మిగిలినప్పుడు అవి కింది నీళ్ళను పైకి ఎత్తగలవు. కావలసినప్పుడు ఆ నీళ్ళే దిగివచ్చి కరెంటు ఇస్తాయి.

వేడిని కూడా ఇలాగే పైకి ఎత్తవచ్చు. పగటిపూట సౌర విద్యుత్తు మిగిలినప్పుడు దానితో హీట్ పంపు నడుపుతారు. ఇది ఫ్రిజ్ పనిచేసే సూత్రమే. 40 డిగ్రీల వేడిని అది 100 డిగ్రీల పైకి తీసుకువెళుతుంది. దాన్ని గట్టి ట్యాంకుల్లో దాచి, సాయంత్రం టర్బైను తిప్పుతారు. బావి అడుగు నుంచి తోడడం కంటే నడిమెట్టు మీది తొట్టి నుంచి తోడడం తేలిక. డేటా కేంద్రం వేడి ఇక్కడ ఆ నడిమెట్టు తొట్టి వంటిది.

కానీ రాబడి తక్కువ. స్థూలంగా లెక్క వేస్తే ఈ పద్ధతిలో 10 యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది 3 యూనిట్ల మాటే. నీటిని ఎత్తే పద్ధతిలో అయితే 7 నుంచి 8 యూనిట్లు తిరిగి వస్తాయి.

వేడిని వేడిగానే...

అందుకే కొన్ని దేశాల వారు వేడిని కరెంటుగా మార్చకుండా వేడిగానే వాడుతున్నారు. ఫిన్లాండ్‌లోని కంకాన్‌పా పట్టణంలో 2022లో 100 టన్నుల ఇసుకను కరెంటుతో కాల్చి, ఆ వేడిని నిల్వ చేసి ఇళ్ళకు పంపడం మొదలుపెట్టారు. ఐర్లండ్ రాజధాని డబ్లిన్ శివారు టాలాట్‌లో 2023 నుంచి అమెజాన్ డేటా కేంద్రం వేడినే స్థానిక కౌన్సిల్ భవనాలకు, విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వాడుతున్నారు.

మనకు ఇళ్ళు వెచ్చబెట్టే అవసరం లేదు. కాని హాస్టళ్ళకు, ఆస్పత్రులకు, వంటశాలలకు, బట్టలు ఉతికే చోట్లకు వేణ్ణీళ్ళు కావాలి. రాత్రంతా వచ్చిన వేడిని మందపాటి తొడుగున్న ట్యాంకుల్లో దాస్తే తెల్లవారుజామున గీజర్ల పని చాలావరకు తగ్గుతుంది. గీజరు వేయక మిగిలిన కరెంటు కూడా నిల్వ చేసిన కరెంటుతో సమానమే. ఎండాకాలానికి ఇదే కిటుకు తిరగేస్తే సరి. పగటి సౌర విద్యుత్తుతో నీళ్ళను చల్లబరచి ట్యాంకుల్లో దాచి, సాయంత్రం సర్వర్లను చల్లార్చడానికి వాడుకోవచ్చు.

తీరిక దొరికేది ఇప్పుడే

మీర్‌ఖాన్‌పేట వేణ్ణీళ్ళు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు వస్తాయని ఆశ పెట్టుకోలేము. దూరం 20 కిలోమీటర్ల పైమాటే. గొట్టాల ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా ఇక్కడి ఇరుకు సందుల్లో ఒకసారి మురుగు కాలువకు, ఒకసారి మంచినీటి గొట్టానికి, ఒకసారి కేబులుకు రోడ్లు తవ్వడం అందరూ చూస్తున్నదే.

మీర్‌ఖాన్‌పేటలో అలా కాదు. యంగ్ ఇండియా స్కిల్స్ విశ్వవిద్యాలయానికి 2024 ఆగస్టు 1న శంకుస్థాపన జరిగింది అక్కడే. ఫ్యూచర్ సిటీ పేరుతో కొత్త నగరానికి ప్రభుత్వం తలపెట్టిందీ ఆ చుట్టుపక్కలే. చదువుకునే పిల్లలు, వేడిని వదిలే సర్వర్లు ఒకే ఊళ్ళో ఉంటాయి. రోడ్లు వేసేటప్పుడే గొట్టాలకు చోటు వదలాలి. డేటా కేంద్రాలకు అనుమతి ఇచ్చేటప్పుడే వేడి బయటికి ఇచ్చే ఏర్పాటు ఉండాలన్న షరతు పెట్టాలి. ఊరు కట్టాక తవ్వడం ఎంత కష్టమో దిల్‌సుఖ్‌నగర్ వాసులను అడిగితే చెబుతారు.