అద్దె ఇల్లు – యజమాని హద్దులు

మన సమాజంలో ఇల్లు అద్దెకిచ్చేవారందరూ ధనవంతులు కారు. మేము చూసినంతవరకు ఎక్కువమంది చిన్న యజమానులే. కడప, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్‌కు వెళ్లి, ఏళ్ల తరబడి కష్టపడి, తిరిగివచ్చి పై అంతస్తు వేసుకున్నవారు, పదవీవిరమణ సొమ్ముతో రెండు గదులు కట్టుకున్న ఉపాధ్యాయులు, భర్త మిగిల్చిన రెండు పోర్షన్ల ఇల్లే ఆధారమైన వితంతువులు. నెల మొదటి వారంలో అద్దె అందకపోతే వీరి ఇళ్లలో మందులు, పాలు, పిల్లల ఫీజులు ఆగిపోతాయి. అద్దెకుండేవారూ అటువంటివారే. ఒకరు ఆటో నడుపుతారు, ఒకరు బట్టలు కుడతారు, మరొకరు మెకానిక్ షెడ్డులో పనిచేస్తారు. ధర్మసందేహాలు తీర్చుకోవడానికి మా వద్దకు వచ్చేవారి నోట నమాజు, తలాఖ్ విషయాల తర్వాత తరచుగా వినిపించేవి అద్దె ఇంటి తగాదాలే. అయితే వారిలో చాలామంది అడిగేది అద్దెదారును ఖాళీ చేయించడం ఎలా అని. తాము తీసుకుంటున్న సొమ్ము హలాలేనా అని అడిగేవారు అరుదు. ఈ వ్యాసం ఆ రెండవ ప్రశ్న కోసం.

షరీఅత్ పరిభాషలో అద్దె ఒప్పందాన్ని ‘ఇజారా’ అంటారు. వస్తువును అమ్మడం కాదు, దాని ప్రయోజనాన్ని నిర్ణీత కాలానికి, నిర్ణీత ప్రతిఫలానికి అమ్మడం అని దాని భావం. ఇంటి గోడలు యజమానివి. ఆ గోడల మధ్య నివసించే హక్కు గడువు తీరేవరకు అద్దెదారుది. ‘మా ఇల్లే కదా’ అని రెండో తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్లే యజమానులు ఈ తేడాను గ్రహించాలి. అనుమతి కోరకుండా, సలామ్ చేయకుండా ఇతరుల ఇళ్లలో ప్రవేశించరాదన్న సూరహ్ నూర్ (27వ ఆయతు) ఆదేశం అద్దెదారు గుమ్మం వద్ద కూడా వర్తిస్తుంది. ఇంట్లో స్త్రీలు మాత్రమే ఉన్న వేళ నీళ్ల మోటారు చూస్తానని వెళ్లే పెద్దమనుషులకు ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి ఉంది.

‘నెలకు ఇంత’ అని మాత్రమే మాట్లాడుకుని గడువు చెప్పుకోకపోతే ఏమవుతుంది? హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం ‘హిదాయా’ ప్రకారం ఆ ఒప్పందం మొదటి నెలకే చెల్లుతుంది. రెండవ నెల మొదలై అద్దెదారు అందులో నివాసం కొనసాగిస్తే ఆ నెలకూ ఒప్పందం ఖాయమవుతుంది. అది ముగిసేవరకు యజమాని అతన్ని వెళ్లగొట్టలేడు. మన దేశ చట్టం కూడా ఈ దారికి దగ్గరలోనే ఉంది. నెలవారీ అద్దె ఒప్పందాన్ని ముగించాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. కనుక ‘రేపటికల్లా సామాను తీసెయ్’ అనే మాటకు షరీఅత్‌లోనూ చోటు లేదు, చట్టంలోనూ లేదు.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పు వ్యవహారాలను వ్రాసిపెట్టుకోవడం గురించినది (అల్ బఖరా: 282). అయినా మనవారు ‘మన మనిషే, నమాజీ, కాగితమెందుకు’ అంటారు. కాగితం అనుమానానికి గుర్తు కాదు. ఇద్దరిలో ఒకరు మరణిస్తే వారి పిల్లల మధ్య తగవు రాకుండా కాపాడేది అదే. పదకొండు నెలల ఒప్పందం ఎందుకు వాడుకలోకి వచ్చిందో చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాలను రిజిస్టరు చేయించాలని కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం నిర్దేశిస్తోంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలు అని వ్రాస్తారు. గడువు తీరినప్పుడు కొత్తది వ్రాసుకోవాలి, అంతే.

మరమ్మతుల విషయంలో మన ఫిఖ్‌హ్ గ్రంథాలు ఆశ్చర్యం కలిగించేంత వివరంగా ఉన్నాయి. బావి బాగుచేయించడం, మురుగు గుంట శుభ్రం చేయించడం ఇంటి యజమాని పని అని, ఊడ్చిన చెత్త, బూడిద ఎత్తివేయడం అద్దెదారు పని అని ‘దుర్రుల్ ముఖ్తార్’ చెబుతోంది. నేటి సెప్టిక్ ట్యాంకు తగాదాకు ఇది నేరుగా జవాబు. కప్పు కారుతున్నా యజమాని పట్టించుకోకపోతే అద్దెదారుకు ఒప్పందం వదులుకుని వెళ్లిపోయే హక్కు ఉంటుంది. ఈ సందర్భంలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇల్లు గుర్తుకు వస్తుంది. హిజ్రత్ చేసి మదీనాకు వచ్చిన మహాప్రవక్త (సల్లం) ఆయన ఇంటి కింది భాగంలో దిగారు. దంపతులు పై అంతస్తులో ఉన్నారు. ఒక రాత్రి నీళ్లకుండ పగిలింది. కింద ఉన్నవారి మీద చుక్క పడుతుందేమోనన్న భయంతో ఆ దంపతులు తమకున్న ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటిని అద్దారు. పైవాటా నీళ్లు కిందివాటా గోడలలోకి దిగుతున్నాయని ఫిర్యాదు వచ్చినప్పుడు మేము ఈ వృత్తాంతం చెబుతుంటాము. చట్టం చెప్పడం కంటే ఇదే ఎక్కువగా పనిచేస్తుంది.

ఇక అడ్వాన్సు. రెండు మూడు నెలల అద్దె ముందుగా తీసుకోవడం ధర్మసమ్మతమే. కానీ అది యజమాని సంపాదన కాదు. ఉన్నది ఉన్నట్టుగా దాచితే అమానతు, అద్దెదారు అనుమతితో వాడుకుంటే అప్పు. రెండు విధాలా తిరిగి ఇవ్వవలసినదే. ఖాళీ చేసేనాడు సున్నం, రంగుల పేరుతో ఒక నెల అద్దె మినహాయించడం మన పట్టణాలలో ఆచారంగా మారింది. నివసించడం వలన గోడ మాసిపోవడం అద్దెలోనే ఇమిడి ఉంది. దానికి రెండోసారి వసూలు చేయడం అన్యాయం. అద్దెదారు నిర్లక్ష్యం వలన తలుపు విరిగితే, పింగాణీ పగిలితే ఆ నష్టం మాత్రమే కోరవచ్చు. ఒకే కరెంటు మీటరు మీద మూడు వాటాలు నడిపి, బిల్లులో పడిన దానికంటే ఎక్కువ రేటు యూనిట్‌కు వసూలు చేయడం కూడా ఈ కోవలోనిదే.

అద్దె బకాయి దగ్గరే చిన్న యజమానికి నిజమైన పరీక్ష. ఇవ్వగలిగి ఉండి అప్పు వాయిదా వేయడం దౌర్జన్యమని మహాప్రవక్త (సల్లం) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). కొత్త ఫోను కొని, పెళ్లిళ్లకు ఖర్చుచేసి, యజమానికి మాత్రం ‘వచ్చే నెల ఇన్షా అల్లాహ్’ అనేవారు ఈ హదీసును చదువుకోవాలి. ఇన్షా అల్లాహ్ అనే పవిత్ర వచనాన్ని ఎగవేతకు మారుపేరుగా మార్చడం చాలా బాధాకరం. మరోవైపు, నిజంగా చేతిలో లేనివానికి సౌలభ్యం కలిగేవరకు గడువు ఇవ్వాలని అల్లాహ్ ఆజ్ఞ (అల్ బఖరా: 280). ఇబ్బందుల్లో ఉన్న బాకీదారుల పట్ల చూసీచూడనట్టు వ్యవహరించమని తన పనివానికి చెప్పిన ఒక వ్యాపారిని, ఆ ఒక్క గుణం కారణంగా అల్లాహ్ క్షమించాడని హదీసులో ఉంది.

అయితే ఆ అద్దె మీదే బతికే వితంతువు ఏమి చేయాలి? గడువు ఇవ్వడమంటే హక్కు వదులుకోవడం కాదు. బకాయి వ్రాసిపెట్టుకోవచ్చు, నెలకు కొంత చొప్పున తీర్చమనవచ్చు, నోటీసు ఇచ్చి ఇల్లు ఖాళీ చేయించుకోవచ్చు. పేద అద్దెదారు భారాన్ని పేద యజమానురాలే మోయాలని షరీఅత్ కోరలేదు. ఆ భారంలో వాటా పంచుకోవలసింది బంధువులు, మహల్లా జకాత్ నిధి. అప్పుల్లో కూరుకుపోయినవారు జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో ఉన్నారు (అత్ తౌబా: 60). అర్హుడైన అద్దెదారు బకాయిని ఆ నిధి నుండి తీర్చిన మస్జిద్ కమిటీ ఒకేసారి రెండు కుటుంబాలను నిలబెడుతుంది. యజమాని చేయకూడనివి మాత్రం రెండున్నాయి. నీళ్లు, కరెంటు ఆపివేయడం ఒకటి. అద్దె నియంత్రణ చట్టం కూడా దీనిని నిషేధించింది. రెండవది, ఆలస్యానికి రోజుకు వంద రూపాయల చొప్పున జరిమానా వేసుకోవడం. చెల్లించవలసిన బాకీ మీద గడువుకు బదులుగా తీసుకునే అదనపు సొమ్ము, పేరేదైనా, వడ్డీయే.

ఇక్కడే మరొక మాట కూడా చెప్పాలి. ముస్లిములమని చెప్పగానే ఇల్లు లేదన్నారని మనం ఆవేదన చెందుతాము. ఆ ఆవేదన న్యాయమైనదే. కానీ మన వీధుల్లోనే విడాకులు పొంది పిల్లలతో వచ్చిన స్త్రీకి ‘ఒంటరి ఆడవారికి ఇవ్వము’ అంటున్నది ఎవరు? కులం అడిగి తలుపు మూసేది ఎవరు? ఆమె ఎక్కడికి వెళుతుందో ఆ యజమాని ఒక్కసారి ఆలోచించాలి.

జకాత్ గురించి క్లుప్తంగా: అద్దెకిచ్చిన ఇంటి విలువ మీద జకాత్ లేదు. వచ్చిన అద్దెలో ఖర్చులు పోగా మిగిలినది ఇతర సొమ్ముతో కలిపి నిసాబ్‌కు చేరి, ఏడాది గడిస్తే రెండున్నర శాతం ఇవ్వాలి.

ఇంతవరకు చెప్పినవి ఎక్కువగా మర్యాద, న్యాయం లోపించే సందర్భాలు. ఒప్పందమే హరామ్ అయిపోయే సందర్భం ఒకటుంది. అది మన ఇళ్లలో విపరీతంగా వ్యాపించింది. యజమాని ఐదు లక్షలు ఒకేసారి తీసుకుంటాడు. ఇచ్చినవారు మూడేళ్లు అద్దె లేకుండా ఆ ఇంట్లో ఉంటారు. వెళ్లేనాడు ఐదు లక్షలూ తిరిగి తీసుకుంటారు. దీనిని కొన్ని ఊళ్లలో లీజు అని, కొన్నిచోట్ల భోగ్యం అని, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో రహన్, గిర్వీ అని అంటారు. ‘అద్దె లేదు, వడ్డీ లేదు, ఇద్దరికీ లాభం’ అని దీనిని మెచ్చుకునేవారిని చాలామందిని చూశాము.

లెక్క వేసి చూద్దాం. ఆ ఇంటికి మామూలు అద్దె నెలకు ఎనిమిది వేలు అనుకుంటే, ఐదు లక్షల అప్పు మీద ఇచ్చినవానికి నెలనెలా ఎనిమిది వేల విలువైన నివాసం దక్కుతోంది. నూటికి నెలకు రూపాయి అరవై పైసల వడ్డీ అన్నమాట. మూడేళ్లకు 2,88,000 రూపాయలు. అప్పు కారణంగా లభించే ప్రతి లాభమూ వడ్డీయేనన్నది ధర్మశాస్త్రవేత్తల ఏకాభిప్రాయ సూత్రం. ఆ మాటను హదీసుగా చెప్పే పరంపర బలహీనమైనదైనా, సూత్రంగా దానిని అందరూ స్వీకరించారు. నామమాత్రంగా నెలకు వంద రూపాయల అద్దె వ్రాసుకున్నంత మాత్రాన అది హలాల్ కాదు. అప్పు ఇచ్చాడు కనుకనే కదా ఎనిమిది వేల ఇల్లు వందకు వచ్చింది!

ఇందులో చిక్కుకునేది ఎక్కువగా చిన్న యజమానే. కూతురి పెళ్లికో, ఆపరేషనుకో ఆ ఐదు లక్షలు ఖర్చయిపోతాయి. మూడేళ్ల తర్వాత తిరిగి ఇవ్వడానికి సొమ్ము ఉండదు. మరొకరిని వెతికి, వారి ఐదు లక్షలతో వీరిని పంపాలి. అలా దొరకనినాడు ఇల్లు అమ్మకానికి వస్తుంది. సొమ్ము ఇచ్చినవారికీ భద్రత లేదు. ఇటువంటి స్వాధీన తనఖా చెల్లాలంటే ఇద్దరు సాక్షులతో పత్రం రిజిస్టరు కావాలి. మనవారు స్టాంపు కాగితం మీద సంతకాలతో సరిపెట్టుకుంటారు.

ఒకేసారి పెద్ద మొత్తం అవసరమైన యజమానికి హలాల్ మార్గం లేకపోలేదు. మూడేళ్ల అద్దె 2,88,000 రూపాయలు ముందుగానే తీసుకోవచ్చు. అది అప్పు కాదు, అద్దె. తిరిగి ఇవ్వవలసిన పని లేదు. అద్దెదారు మధ్యలో వెళ్లిపోతే మిగిలిన నెలల సొమ్ము లెక్కగట్టి ఇచ్చివేయాలి.

ఇప్పటికే గిర్వీలో ఉన్నవారు ఉభయులూ కూర్చుని పాత కాగితాన్ని రద్దు చేసుకోవాలి. ఈ నెల నుండి ఆ వీధిలో నడుస్తున్న అద్దెను నిర్ణయించి, యజమాని వద్ద ఉన్న ఐదు లక్షల నుండి నెలనెలా దానిని మినహాయించుకుంటూ పోవాలి. ఎనిమిది వేల చొప్పున ఐదేళ్ల రెండున్నర నెలలకు ఆ సొమ్ము పూర్తిగా తీరిపోతుంది. యజమాని ఎవరి వద్దా చేయిచాపనక్కరలేదు. అద్దెదారు ఈలోగా ఖాళీ చేస్తే మిగిలిన మొత్తం మాత్రమే తిరిగి ఇవ్వాలి. ప్రతి నెలా మినహాయించిన మొత్తాన్ని, మిగిలిన బాకీని ఒక చిన్న పుస్తకంలో వ్రాసి, ఇద్దరూ సంతకం చేసుకోవాలి.