గోలకొండ పత్రిక – కవుల సంచిక

1884లో హైదరాబాదు రాజ్యంలో పారశీకం స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. మూసీకి దక్షిణాన చార్మినారు చుట్టూ విస్తరించిన పాతనగరపు కచేరీలలోనూ, 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఆ భాషదే ఆధిపత్యం. ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారే అయినా, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాల వెలుపల తెలుగు కవికి పోషణ అరుదు. రచించినది తాళపత్రంలోనో, ఇంటి పెట్టెలోనో ఉండిపోయేది.

1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సారథ్యంలో వెలువడిన గోలకొండ పత్రిక ఈ స్థితిలోనే అవతరించింది. వారానికి రెండుమార్లు వచ్చే ఆ పత్రికలో వార్తల సరసన పద్యాలకు, కథలకు, గ్రంథవిమర్శకు, చారిత్రక వ్యాసాలకు సమానమైన చోటు దక్కింది. సభ జరపడానికైనా సర్కారు అనుమతి కావలసిన రాజ్యంలో సాహిత్యచర్చకు పత్రికయే సభాస్థలి అయింది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ముడుంబై వేంకటరాఘవాచార్యులు అన్నట్లు ప్రసిద్ధి. పూజ్యమనగా సున్న, గౌరవార్హమనే అర్థమూ దానికి కలదు. ప్రతాపరెడ్డి ఆ శ్లేషతో వాదానికి దిగలేదు. వాదించి ఉంటే అది నాలుగు వారాల వినోదంగా ముగిసేది. ఆయన పత్రికాముఖంగా పద్యాలను ఆహ్వానించి, 354 మంది కవుల రచనలను కవిపరిచయాలతో 1934లో గోలకొండ కవుల సంచికగా ప్రకటించారు. వీరిలో స్త్రీలూ ఉన్నారు.

ఇందులోని పద్యాలన్నీ ఉత్తమశ్రేణివి కావు. సమస్యాపూరణలు, స్తుతిపద్యాలు, ఛందస్సు కుదిరినంతమాత్రాన కవిత్వమనిపించుకొన్నవి కొన్ని ఉన్నాయి. అయితే కావ్యగుణాన్ని మాత్రమే తూచినవారికి ఈ సంచిక పరమార్థం బోధపడదు. ఇది ఏరి కూర్చిన కావ్యసంకలనం కాదు, సాక్ష్యపత్రం. లేరన్న మాటకు ఉన్నారనడానికి పేర్లు, ఊళ్లు కావాలి. గ్రామాలదాకా చేరే పత్రిక లేనిదే అవి ఒకచోటికి రావు. ఏ ఆస్థానమూ చేయని సేకరణ చందాదారుల బలంతో సాగింది. నేటి పరిశోధకునికి పద్యం కంటె దాని పక్కనున్న పరిచయమే ఒక్కొక్కప్పుడు విలువైనది. పలువురు కవుల విషయంలో మిగిలిన ఆధారం దాదాపు అదే.

సామాన్యుల జాడలను పోగుచేసే ఈ దృష్టియే 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోనూ కనబడుతుంది. రాజుల వంశావళికి బదులు ప్రజల తిండి, కట్టు, ఆటలు, నమ్మకాలు అందులో చరిత్రగా నిలిచాయి. ప్రతాపరెడ్డి 1953లో కీర్తిశేషులు కాగా, 1955లో తెలుగుకు దక్కిన తొలి కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే లభించింది.