వరద తీసిన పిమ్మట వచ్చు ఎలుకజ్వరము

వరద తీసిన పది దినముల ప్రాంతమున, మడిలో దిగి పనిచేసిన పాలేరునకు చలితో తీవ్రమగు జ్వరము వచ్చినయెడల, దానిని మలేరియా యనియో, తడిసినందున వచ్చిన పడిశపుజ్వరమనియో రైతులు తలంచుట పరిపాటి. అది ఎలుకజ్వరము కావచ్చును. మొదటి నాలుగైదు దినములలో గుర్తించినచో మందు చక్కగా పనిచేయును. ఉపేక్షించినచో మూత్రపిండములు చెడి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

ఈ వ్యాధికి కారణము లెప్టోస్పైరా యను సూక్ష్మజీవి. 1886లో జర్మనీ దేశపు వైద్యుడు అడాల్ఫ్ వైల్ కామెర్లతో గూడిన ఈ జ్వరమును వర్ణించెను. 1915లో జపాను దేశమున ఇనడా, ఇడో అను వైద్యులు దీనికి మూలమైన క్రిమిని కనుగొనిరి. ఎలుకలు, పందికొక్కుల మూత్రపిండములలో ఈ క్రిమి వాటికి బాధ కలిగింపకయే నివసించి, మూత్రముతో వెలువడుచుండును. పశువులు, కుక్కలు, పందులును దీనిని వ్యాపింపజేయగలవు. తడిబురదలో వారముల తరబడి బ్రతుకును గాని, ఎండకు ఆరిన నేలయందు నిలువజాలదు.

వరద వచ్చినపుడు బొరియలు మునిగి, ఎలుకలు గట్లమీదికిని, గడ్డివాములలోనికిని, గాదెల క్రిందికిని చేరును. వాటి మూత్రము నీటిలో గలసి ఒక మడినుండి మరియొక మడికి ప్రాకును. నాని మెత్తబడిన చర్మము, పాదముల పగుళ్ళు, ముల్లు గీరినచోటు, కొడవలి గాయము, కన్ను, ముక్కు, నోరు ఇవియే క్రిమికి ద్వారములు. కావున నీరు కాచి త్రాగుచున్నాము గదా యని నిశ్చింతగా నుండరాదు. ఒడిశాలో 1999 తుపాను పిమ్మటను, కేరళలో 2018 వరదల పిమ్మటను ఈ జ్వరము ప్రబలెను.

నీరు సోకిన తరువాత సాధారణముగా అయిదు మొదలు పదునాలుగు దినములలో జ్వరము, తలనొప్పి, నడుమునొప్పి కలుగును. పిక్కలు నొక్కినచో రోగి ఓర్వలేడు. కండ్లు ఎఱ్ఱబడును గాని, కండ్లకలకలో వలె పుసి కట్టదు. ఈ రెండు గుర్తులను ప్రతి రైతు జ్ఞాపకముంచుకొనవలెను. వ్యాధి ముదిరినచో కామెర్లు, మూత్రము తగ్గుట, నెత్తురు పడుట సంభవించును. కామెర్లు కనబడినంతనే పసరు పోయించుటకు తీసికొనిపోవు ఆచారము ఈ రోగమున మిక్కిలి ప్రమాదకరము. అట్లు గడచిన రెండు దినములే రోగి కోలుపోయిన కాలము. వెంటనే ఆసుపత్రికి చేర్చి, రోగి వరదనీటిలో పనిచేసినాడని వైద్యునితో తప్పక చెప్పవలెను. ఆ మాట చెప్పనియెడల వైద్యుడును పొరబడవచ్చును. దీనికి పెనిసిలిన్, డాక్సీసైక్లిన్ మందులు కలవు.

మోకాలిబంటి బురదలో నాట్లు వేయువారు రబ్బరు బూట్లు తొడుగుకొనవలెనని చెప్పుట తేలిక, ఆచరించుట కష్టము. అయినను గట్లు కట్టునపుడు, కాలువలు పూడిక తీయునపుడు వానిని తొడుగవచ్చును. గాయమున్నవానిని మడిలోనికి దింపరాదు. దింపక తప్పనిచో గాయమునకు నీరు చొరని కట్టు కట్టవలెను. పని ముగిసినంతనే సబ్బుతో, మంచినీటితో కాళ్ళుచేతులు కడుగుకొనుటకు ఏర్పాటు చేయుట భూస్వామి పని. వరదనీటిలో విడువక పనిచేయువారికి వారమున కొకసారి డాక్సీసైక్లిన్ ఇచ్చు పద్ధతి కలదు గాని, వైద్యుని అనుమతి లేక ఇయ్యరాదు. గర్భిణులకును, పసిపిల్లలకును అది తగదు.

వెడల్పయిన గట్లు ఎలుకలకు ఇండ్లు. గట్టు సన్నగా నున్నయెడల బొరియ త్రవ్వుటకు తావు చాలదు. బొరియలు త్రవ్వించుట, బుట్టలు పెట్టుట, పొగబెట్టుట ఊరివారందరు ఒకేసారి చేయవలెను. ఒక్కడు చేసినచో పొరుగు గట్టునుండి మరల వచ్చును. చచ్చిన ఎలుకను వట్టిచేతితో ముట్టక లోతుగా పాతిపెట్టవలెను.

చూడి పశువు ఈచుకొనిపోయినను, పాడియావు పాలు హఠాత్తుగా తగ్గి నెత్తురు జీర కనబడినను, పశువైద్యునికి తెలుపవలెను. అట్టి పశువు మూత్రము పడినచోటు సున్నము చల్లి, ఎండ తగులునట్లు చేసి, మిగిలిన మందను దూరముగా కట్టివేయవలెను.