కాటా బ్యాటరీ దిగిపోయినప్పుడు తూకాన్ని నమ్మవచ్చునా?

చింతపండు తూకాలు మొదలయ్యే మాఘ, ఫాల్గుణ మాసాలలో పావగడ, మడకశిర, హిందూపురం ప్రాంతాల కళ్లాలలో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: "బ్యాటరీ వీకయింది, అందుకే అంకెలు ఆడుతున్నాయి." ఆ మాట అన్నవాడు మూట ఎత్తి లారీలో వేసుకుంటాడు. విన్నవాడు తల ఊపుతాడు. మూటకు అరకిలో తేడా వచ్చినా ఇరవై మూటలకు పది కిలోలు. ఏడాదికి ఒకసారి చెట్టు దులిపే కుటుంబానికి అది చిన్న లెక్క కాదు. కనుక ఆ మాటలో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

మనవైపు తక్కెడ, కన్నడంలో తక్కడి, తమిళంలో తరాసు అని పిలుచుకున్న పాత సాధనానికి కరెంటుతో పని లేదు. నేటి ఎలక్ట్రానిక్ కాటా అట్లా కాదు. దాని పళ్లెం క్రింద లోడ్‌సెల్ అనే లోహపు దిమ్మె ఉంటుంది. బరువు పడినప్పుడు అది కంటికి కనిపించనంతగా వంగుతుంది. దానిపై అతికించిన సన్నని తీగల నిరోధం ఆ వంపునుబట్టి మారుతుంది. సాధారణంగా ఈ దిమ్మెకు 5 వోల్టుల విద్యుత్తు ఇస్తారు. పూర్తి బరువు వేసినా అది తిరిగి ఇచ్చే సంకేతం సుమారు 10 మిల్లీవోల్టులు మాత్రమే. అనగా వంద కిలోల కాటాలో పది గ్రాముల తేడాను చూపాలంటే, యంత్రం ఒక వోల్టులో పది లక్షవ వంతును గుర్తించవలసి ఉంటుంది. ఇంత సున్నితమైన పనికి విద్యుత్తు నిలకడగా ఉండవలెనన్నది సహజమే.

అయితే బ్యాటరీ తగ్గేకొద్దీ తూకం కూడా మెల్లమెల్లగా తగ్గుతుందనుకోవడం పొరపాటు. మంచి కాటాలో లోడ్‌సెల్‌కు ఇచ్చే వోల్టేజీనే కొలతకు ప్రమాణంగా కూడా వాడుకుంటారు. కొలిచే కర్ర, కొలవబడే గుడ్డ రెండూ ఒకే నిష్పత్తిలో కుంచించుకుపోతే మూరల లెక్క మారదు కదా, ఇదీ అంతే. పైగా బ్యాటరీకి, లోడ్‌సెల్‌కు నడుమ వోల్టేజీని 5 దగ్గర నిలిపి ఉంచే రెగ్యులేటరు ఉంటుంది. 6 వోల్టుల బ్యాటరీ దాదాపు 5.5కు దిగేవరకు అది తన పని తాను చేస్తుంది. ఆ పైన మాత్రం పట్టు తప్పుతుంది: అంకెలు నిలువవు, ఖాళీ పళ్లానికి సున్నా రాదు, అక్షరాలు మసకబారుతాయి. అందుకే అంతర్జాతీయ తూనికల సంస్థ ఓఐఎంఎల్ వారి ఆర్-76 సిఫారసు ఒక నియమం పెట్టింది. నిర్ణీత వోల్టేజీకంటే దిగువకు బ్యాటరీ పడిపోతే కాటా సరైన తూకమైనా చూపాలి, లేదా అంకెలే చూపకుండా ఆగిపోవాలి. ఈ లెక్కన "బ్యాటరీ వీకయింది, అయినా ఇదే తూకం" అనే మాట చెల్లదు. అంకెలు ఆడుతున్న కాటా మీద అప్పటికి తూకం ఆపవలసినదే.

ఇక లోపం ఎక్కడున్నదో కనుగొనే పద్ధతి చూద్దాము. మొదట కాటాను గోడ ప్లగ్గుకు తగిలించి చూడండి. కరెంటు మీద చక్కగా పనిచేసి, తీగ తీయగానే ఆరిపోతే లోపం బ్యాటరీలోనో, దాని కొసలలోనో ఉన్నట్లు. కరెంటు మీద కూడా వెలగకపోతే ప్లగ్గు, ఫ్యూజు, తీగ, అడాప్టరు చూడాలి. తీగ లోపల తెగి పైకి బాగున్నట్లు కనిపించడం సాధారణం. ముఖ్యంగా కాటాలోకి దూరే చోట అటూఇటూ వంచి చూస్తే దీపం మిణుకుమంటుంది.

తరువాత బ్యాటరీ గది మూత తీసి రెండు కొసలనూ పరిశీలించండి. తెల్లని, పచ్చని చిలుము పట్టి ఉంటే తీగలు విడదీసి, పొడి గుడ్డతోనో గరుకు కాగితంతోనో తుడిచి బిగించాలి. చీమలు, బల్లులు కాపురం పెట్టిన కాటాలు కూడా లేకపోలేదు. సగం కాటాలు ఈ దశలోనే బాగుపడతాయని నా అభిప్రాయం. మనవాళ్లు ఈ పని మాత్రం చేయరు, నేరుగా కొత్త బ్యాటరీ కొంటారు.

కొసలు శుభ్రంగా ఉన్నా ఫలితం లేకపోతే మల్టీమీటరు కావాలి. ఊళ్లో మోటార్లు బాగుచేసేవారి వద్ద తప్పక ఉంటుంది. దానిని డీసీ 20 వోల్టుల గుర్తు వద్ద ఉంచి మూడుసార్లు కొలవాలి. ఛార్జింగు తీసి కొన్ని గంటలు ఊరక ఉంచిన 6 వోల్టుల బ్యాటరీ 6.3 లేక ఆ పైన చూపితే నిండుగా ఉన్నట్లు. 6.1 దరిదాపులలో ఉంటే సగం, 5.8 కంటే తగ్గితే ఖాళీ అయినట్లు. రెండవసారి కాటాను వెలిగించి కొలవండి. మంచి బ్యాటరీ కొద్దిగా మాత్రమే తగ్గుతుంది. ఊరక ఉన్నప్పుడు 6.4 చూపి, వెలిగించగానే 5.5 కంటే క్రిందికి జారిపోయేదానికి ఆయువు తీరినట్లే. మూడవసారి, ఛార్జింగు పెట్టిన ఐదారు గంటల తరువాత కొలవండి. 6.8 నుండి 7.3 వరకు ఉండాలి. ఎంతసేపైనా 6 దాటకపోతే అనుమానం ఛార్జరు మీదికి పోతుంది. 7.5 దాటితే ఛార్జరు అతిగా ఇస్తున్నదని అర్థం. అట్టి ఛార్జరు బ్యాటరీని లోపల ఎండబెట్టి, పక్కలు ఉబ్బేట్లు చేస్తుంది.

సరిహద్దు పల్లెలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. చాలా కాటాలలో పాతకాలపు ట్రాన్స్‌ఫార్మరు ఛార్జరు ఉంటుంది. అది బయటి వోల్టేజీకి అనుగుణంగా లోపలికి ఇస్తుంది. లైను చివరి ఊళ్లలో రాత్రిపూట మోటార్లన్నీ తిరుగుతుండగా 230 ఉండవలసినది 160కి పడితే, ఛార్జరు ఇచ్చేది కూడా దాదాపు 70 శాతానికి పడిపోతుంది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం నిండదు. తెల్లవారి కాటా రెండు గంటలకే ఆగిపోతే యజమాని బ్యాటరీని తిట్టుకుంటాడు. 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేసే కొత్తరకం అడాప్టరుకు ఈ బాధ లేదు. అయితే కాటాకు నిర్దేశించిన వోల్టేజీ, కొసల ధన ఋణ గుర్తులు సరిపోలినదే వాడాలి.

అంతకంటే పెద్ద నష్టం ఖాళీ కాలంలో జరుగుతుంది. చైత్రంలో చింతపండు ముగియగానే కాటాను అట్లే రేకుల కొట్టంలో పడవేసి, వేరుశనగ వచ్చేదాకా తాకనివారు ఎందరో. ఈ బ్యాటరీలు సీసం, గంధకామ్లాలతో పనిచేసేవి. ఖాళీగా వదిలివేస్తే పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జింగు పెట్టినా కరగదు. ఎండ తోడైతే చెప్పనక్కరలేదు: 25 డిగ్రీలపైన ప్రతి 10 డిగ్రీలకూ బ్యాటరీ ఆయువు సుమారు సగమవుతుందని లెక్క. కనుక కాటాను నిండా ఛార్జింగు చేసి, ఇంట్లో చల్లని చోట ఉంచి, రెండు మూడు నెలలకొకసారి పది పన్నెండు గంటలు ఛార్జింగు పెట్టవలెను. మోటారుసైకిలు బ్యాటరీకి గాని, ట్రాక్టరు బ్యాటరీకి గాని నేరుగా తగిలించి ఛార్జింగు చేయరాదు. అవి 12 వోల్టులవి.

బ్యాటరీ మార్చవలసి వస్తే పాతదాని మీద ఉన్న వోల్టులు, ఆంపియర్-అవర్లు చూసి అదే కొలతది తీసుకోండి. సాధారణంగా 6 వోల్టులు, 4.5 ఆంపియర్-అవర్లు ఉంటుంది. బ్యాటరీ మూత తీయడం వేరు, సీలు తీయడం వేరు. తూనికల అధికారి వేసిన సీలును తెంచితే కాటాకు మళ్లీ ముద్ర వేయించనిదే దానితో తూచి అమ్మడం, కొనడం చట్టవిరుద్ధం. సీలు లోపలి మరమ్మతును లైసెన్సు ఉన్నవారే చేయాలి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం క్రింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాకు ప్రతి 12 నెలలకు ముద్ర వేయించాలి. ఆ ధ్రువపత్రాన్ని అందరికీ కనిపించేటట్లు పెట్టాలి కూడా.

అమ్మేవారు చేయగల పరీక్ష తేలికైనది. ముద్ర ఉన్న 5 లేక 10 కిలోల ఇనుపగుండు తెచ్చి, మూటలు ఎక్కించకముందే పళ్లెం నడుమ ఒకసారి, నాలుగు మూలల నాలుగుసార్లు పెట్టండి. ప్లగ్గు తీసి బ్యాటరీ మీద మరల పెట్టండి. తరువాత ప్రతి పది మూటలకు ఒకసారి ఖాళీ పళ్లెం సున్నా చూపుతున్నదా అని గమనించండి. కరెంటు మీద ఒకటి, బ్యాటరీ మీద వేరొకటి వస్తే బ్యాటరీ లేక రెగ్యులేటరు దోషం. రెండింటి మీదా ఒకే తప్పు వస్తే అది కరెంటు దోషం కాదు, కాటా దోషమో, మనిషి దోషమో. ఫిర్యాదు చేయవలసి వస్తే, తూకం జరిగిన స్థలం ఏ రాష్ట్రంలో ఉన్నదో ఆ రాష్ట్రపు తూనికలు కొలతల శాఖకే చేయాలి. అమ్మినవారి ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నదన్నది లెక్కలోకి రాదు. పావగడ రైతు హిందూపురంలో తూచినట్లయితే ఆంధ్రప్రదేశ్ అధికారులను అడగాలి, మడకశిర రైతు పావగడలో తూచితే కర్ణాటక అధికారులను.