పాత కారు వెల – త్రుప్పు పరీక్ష

నడవని పాత కారునకు వెల ఎట్లు కట్టవలెను? అమెరికాలో 1960 దశకమున వెలువడిన ఫోర్డు మస్టాంగు, పాంటియాకు జి.టి.ఓ. వంటి కార్లను శిథిలస్థితిలో కొని, తిరిగి బాగుచేసికొనువారు కలరు. మన దేశములో అంబాసిడరునకు అట్టి ఆదరము కలదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి హిందూస్థాన్ మోటార్సువారు దీనిని 1950 దశకపు చివరి నుండి 2014 వరకు తయారుచేసిరి. ఇట్టి కారొకటి చీమకుర్తిలో ఒక పాకలో ఇరువది ఏండ్లు కదలక నిలిచినదనుకొందము. దానిని అమ్మువాడును కొనువాడును మొదట చూడవలసినది ఇంజను కాదు, రేకు.

ఇంజను బిగిసిపోయినను విప్పి బాగుచేయవచ్చును. సిలిండర్లను తొలిచి కొంచెము పెద్ద పిస్టనులను అమర్చవచ్చును. అంబాసిడరునకు లారీకి వలె వేరుగా ఛాసిస్ లేదు. అడుగురేకు, తలుపుల క్రింది పెట్టెవంటి భాగములు, పైకప్పు కలిసి బరువును మోయును. ఇవి గుల్లయైనచో పైరంగు ఎంత మెరసినను, ప్రమాద సమయమున ఆ కారు లోనివారిని కాపాడజాలదు.

ఇనుము, నీరు, ఆక్సిజను – ఈ మూడును కూడినప్పుడే త్రుప్పు పుట్టును. రేకుపై నిలిచిన నీటిబొట్టు చిన్న విద్యుద్ఘటము వంటిది. బొట్టు నడుమ ఆక్సిజను తక్కువ. అచట ఇనుము ఎలక్ట్రానులను వదలి నీటిలో కరగును. అంచున గాలి బాగుగా తగులును. అచట ఆక్సిజను ఆ ఎలక్ట్రానులను గ్రహించును. అందుచేతనే నడుమ గుంటపడును. ఉప్పు కరగిన నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును గనుక ఈ చర్య వేగిరపడును. కొత్తపట్నము వంటి సముద్రతీరమున నిలిపిన కారు, లోపలి ఊరిలో నిలిపిన కారు కంటె త్వరగా చెడుటకు కారణమిదే. చీమకుర్తిలో ఉప్పుగాలి తక్కువైనను, రాతిదుమ్ము చక్రముల పైగూళ్ళలో పేరుకొని వానతడిని పట్టియుంచును. త్రుప్పు, తాను తిన్న ఇనుము కంటె ఎక్కువ చోటు నాక్రమించును. రంగు బొబ్బలెత్తుట అందుచేతనే.

కొందరు చిల్లులను లప్పముతో పూడ్చి రంగు వేయుదురు. దీనిని పట్టుటకు అయస్కాంతము చాలును. రేకునకు దూరమైనకొలది అయస్కాంతాకర్షణ త్వరితముగా తగ్గును. లప్పము దళముగా ఉన్నచోట అయస్కాంతము అంటుకొనదు. విద్యార్థులు ఒక డబ్బారేకునకును అయస్కాంతమునకును నడుమ పోస్టుకార్డులను ఒక్కొక్కటిగా పెంచుచు దీనిని తరగతిలోనే చూడవచ్చును.

రేకు తరువాత కాగితములు. ఛాసిస్, ఇంజను సంఖ్యలు ఆర్.సి.లోని సంఖ్యలతో సరిపోవలెను. అమ్మినవాడు ఒకే రాష్ట్రములోనైనచో 14 దినములలో రవాణా అధికారికి తెలుపవలెను. 2021 నాటి కేంద్ర నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటి మూలరూపమును కోల్పోని కార్లను ప్రత్యేకముగా ‘వి.ఏ.’ అక్షరములతో నమోదు చేయించవచ్చును. ఆ నమోదు 10 ఏండ్లు చెల్లును. కాని అట్టి కారును నిత్యము రోడ్డుపై నడుపరాదు. కావున పాత దీపమునైనను, తలుపుపిడినైనను పారవేయక కారుతోపాటే అప్పగించుట మేలు.

అమ్మువాడు కారును కడిగి, చిల్లులున్నచోట్లను దాచక చూపినచో వెల కొంత తగ్గవచ్చును. అయినను కొనువాడు పనికి కావలసిన రేకును, కూలిని ముందే లెక్కించుకొనగలడు. దాచిన చిల్లుతో ఆ లెక్కయే కాదు, ప్రాణమే అపాయమున పడును.