జవాబు సరే... ఎలా తట్టింది?

బోర్డు మీద లెక్క పూర్తయింది. ప్రతి మెట్టూ సరైనదే. అయినా వింటున్న కుర్రాడికి ఏదో వెలితి. అసలా మొదటి మెట్టు అలా వేయాలని ఎవరికైనా ఎలా తోచింది? తనంతట తానుగా దాన్ని ఎప్పటికైనా కనిపెట్టగలడా?

ఇలాంటి సందేహం మనకూ వస్తుంది. పరీక్షలు దగ్గరపడగానే దాన్ని పక్కన పెట్టి గైడు బట్టీ పడతాం. జార్జ్ పోల్యా మాత్రం జీవితాంతం వదల్లేదు.

1887లో బుడాపెస్ట్‌లో పుట్టిన పోల్యా చిన్నప్పట్నుంచీ లెక్కల పులేమీ కాదు. బడిలో ఉండగా ఎవరో బలవంతపెడితే గణితం పోటీకి వెళ్లి, జవాబు పత్రం ఇవ్వకుండానే వచ్చేశాడట! కాలేజీలో మొదట లా చేరాడు. విసుగొచ్చింది. భాషలూ సాహిత్యం చదివాడు. తర్వాత తత్వశాస్త్రం. అది బాగా అర్థం కావాలంటే భౌతికశాస్త్రం, గణితం చదవమని ప్రొఫెసర్ సలహా ఇచ్చారు. అలా చుట్టూ తిరిగి లెక్కల దగ్గరికొచ్చాడు.

జ్యూరిక్‌లో పాతికేళ్లకుపైగా పాఠాలు చెప్పి, నాజీల భయంతో 1940లో అమెరికా వెళ్లారు. 1942లో స్టాన్‌ఫర్డ్‌లో చేరారు. 1945లో వచ్చిన ‘హౌ టు సాల్వ్ ఇట్’ పుస్తకం ముందుమాటలో తన పాత సందేహాన్ని ఆయనే చెప్పుకున్నారు. లెక్కని అర్థం చేసుకో, దారి ఆలోచించు, ఆ దారిన చెయ్యి, చివర్లో వెనక్కి తిరిగి చూడు... ఇదీ ఆయన చెప్పిన వరస. దీన్నీ బట్టీ పట్టించే టీచర్లుంటే అది పోల్యా తప్పు కాదు!

ఎనభయ్యో పడికి చేరువలో ఉండగా ఆయన చెప్పిన ఒక పాఠాన్ని 1960లలో సినిమాగా తీశారు. ఐదు సమతలాలు అడ్డదిడ్డంగా కోస్తే అంతరాళం ఎన్ని భాగాలవుతుంది? మన భాషలో చెప్పాలంటే, పెద్ద జున్నుముక్కని కత్తితో ఐదుసార్లు కోస్తే గరిష్ఠంగా ఎన్ని ముక్కలొస్తాయి?

పోల్యా సూత్రం చెప్పరు. ముందు ఊహించమంటారు. ఐదు కష్టమైతే చిన్న అంకెలతో మొదలెట్టమంటారు. ఒక కోతకి 2, రెంటికి 4, మూడింటికి 8. మరి నాలుగింటికి? ఎవరి నోటైనా 16 అనే వస్తుంది. తప్పు! అయితే ఆ తప్పు దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది. నాలుగో కోత మీద పాత మూడు కోతలూ మూడు గీతలు గీస్తాయి. మూడు గీతలు ఒక తలాన్ని 7 భాగాలు చేస్తాయి. ఒక్కో భాగం ఒక్కో పాత ముక్కని రెండు చేస్తుంది. అంటే 8కి 7 కలిపితే 15. ఐదో కోత మీద పడే నాలుగు గీతలు దాన్ని 11 భాగాలు చేస్తాయి. 15కి 11 కలిపితే 26.

సూత్రం రాసి అంకెలు వేయిస్తే ఇదంతా రెండు నిమిషాల పని. పోల్యా క్లాసులో పీరియడంతా పట్టేది. సిలబస్ తరుముతున్న టీచరుకి అంత ఓపిక కష్టమే. కానీ ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నకి రెండు నిమిషాల్లో జవాబు దొరకదు.